సుబ్బన్న నాయుడు: ఒక ఓటమిలో 917 బంతులు

విశాఖపట్టణమున మధురవాడ క్రీడాప్రాంగణములో 2005 ఏప్రిల్ 5న ధోనీ పాకిస్తానుపై 148 పరుగులు తీసెను. నాటినుండి ఆ ఊరి బాలురకు క్రికెట్టు అనగానే బ్యాటు పట్టినవాడే మనసున మెదలుట సహజమైనది. బంతి వేయువాని శ్రమ అంతగా కంటికి ఆనదు. ఇరవై ఓవర్ల ఆటలో ఒక బౌలరు వేయదగినవి నాలుగే ఓవర్లు, అనగా 24 బంతులు. అట్టి ఆటలు ముప్పదియెనిమిది ఆడినను పూర్తికాని బంతులను ఒక్క మ్యాచిలో, ఆరు దినముల లోపల వేసిన తెలుగువాడు ఒకడుండెను. ఆయన కొట్టారి సుబ్బన్న నాయుడు. లోకము ఎరిగిన పేరు సి.ఎస్. నాయుడు.

కొట్టారివారి పూర్వులు మచిలీపట్నమునుండి వలసవెళ్లి నాగపూరులో స్థిరపడినవారు. తాత నారాయణస్వామి నాయుడు అచ్చట పేరుపొందిన న్యాయవాది. ఆ ఇంట 1895 అక్టోబరు 31న జన్మించిన కనకయ్య నాయుడు, అనగా సి.కె. నాయుడు, భారతదేశపు తొలి టెస్టు జట్టుకు 1932లో నాయకుడైన సంగతి పాఠశాల విద్యార్థులును ఎరుగుదురు. సుబ్బన్న ఆయనకు తమ్ముడు. 1914 ఏప్రిల్ 18న నాగపూరులోనే పుట్టెను. అన్నదమ్ములకు పద్దెనిమిది సంవత్సరములకు పైగా యెడము. 1926లో బొంబాయిలో ఇంగ్లీషు జట్టుపై పదకొండు సిక్సర్లతో 153 పరుగులు తీసి అన్న దేశమంతట ప్రసిద్ధుడైన నాటికి తమ్మునికి పన్నెండేండ్లు. పెద్దన్న తండ్రితో సమానమని మన ఇండ్లలో అనుకొను మాట ఈ ఇంట మైదానములోనికి కూడ నడచివచ్చినది. ఇందూరు హోల్కారు ప్రభువు కొలువులో సైనికోద్యోగము పొందిన కనకయ్య నాయుడు ఆటలోను సైనికుని వంటి క్రమశిక్షణ కోరువాడు.

అన్న బ్యాటుతో గెలిచిన కీర్తిని తమ్ముడు అదే మార్గమున వెదకలేదు. మణికట్టు త్రిప్పి బంతి వేయుట, అనగా లెగ్ బ్రేకు, గూగ్లీ, ఆయన ఎన్నుకొన్న విద్య. బంతి నేలను తాకిన పిదప ఒకమారు కుడిచేతి ఆటగాని కాళ్లవైపునుండి వెలుపలికి తిరుగును. మరొకమారు అదే చేయి ఊపుతో వచ్చి లోపలికి తిరుగును. ఈ విద్యలో వ్రేళ్లును, మణికట్టును, భుజమును ప్రతి బంతికి పూర్తిగా పనిచేయవలెను. పైగా ఏమాత్రము పట్టు తప్పినను బంతి పొట్టిగానో, నిండుగానో పడి బౌండరీకి పోవును. కావున ఇట్టి బౌలరును నాయకుడు కొద్ది ఓవర్లు వేయించి విశ్రాంతి నిచ్చుట సామాన్యపు ఆచారము. సుబ్బన్న నాయుని కథ ఈ ఆచారమునకు సరిగా వ్యతిరేకము.

వైస్రాయి విల్లింగ్డన్ విశాఖ రేవును 1933 డిసెంబరు 19న లాంఛనముగా ప్రారంభించెను. అప్పటికి జార్డిన్ నాయకత్వాన ఇంగ్లీషు జట్టు దేశమున పర్యటించుచుండెను. పదిహేడు దినముల తరువాత, 1934 జనవరి 5న, కలకత్తాలో సుబ్బన్న తన తొలి టెస్టు ఆడెను, నాయకుడు అన్నయే. 1936లో ఇంగ్లండులో విజయనగర రాజకుమారుడు విజ్జీ నాయకత్వమున ఆడెను. ఈ విజ్జీయే 1962లో విశాఖపట్టణమునుండి లోకసభకు ఎన్నికైనవాడు. 1946లో మరల ఇంగ్లండునకు, 1947-48లో ఆస్ట్రేలియాకు సుబ్బన్న వెళ్లెను. 1952 వరకు మొత్తము 11 టెస్టులు. వానిలో ఆయనకు దక్కిన వికెట్లు రెండు. వానికై ఇచ్చిన పరుగులు 359. పట్టికలు చూచి మనిషిని తూచువారికి ఇంతటితో సుబ్బన్న నాయుని కథ ముగిసినట్లే. కాని ఆ తూకము న్యాయమైనది కాదు. ఆ పద్దెనిమిదేండ్లలో ఆయనకు టెస్టులలో వేయుటకు దొరికినవి 522 బంతులే. దేశీయపు పోటీలలో ఆయన చేతికి బంతి వచ్చినప్పుడు నడచిన చరిత్ర వేరు.

బరోడా పక్షమున 1942-43లో ఆయన ఒకే రంజీ సీజనులో 40 వికెట్లు తీసెను. అంతకుముందు ఆ పోటీలో ఎవ్వరును ఆ అంకెను అందుకొనలేదు. ఆ సంవత్సరము బరోడా ఫైనలులో హైదరాబాదును ఓడించి ట్రోఫీ గెలిచెను. పిదప ఆయన అన్నగారి హోల్కారు జట్టులో చేరెను.

1945 మార్చి 4న బొంబాయి బ్రేబోర్న్ స్టేడియములో రంజీ ఫైనలు ఆరంభమైనది. ఒకవంక మర్చంటు, రుసీ మోదీ వంటి వారున్న బొంబాయి. మరొకవంక నలుబది తొమ్మిదేండ్ల కనకయ్య నాయుడు నడిపించు హోల్కారు. ఆ పిచ్ బ్యాటు పట్టినవారికి పెండ్లిపందిరి. బొంబాయి మొదటి ఇన్నింగ్సు 462. అందు సుబ్బన్న 64.5 ఓవర్లు వేసి, 153 పరుగులిచ్చి, ఆరు వికెట్లు పడగొట్టెను. ఓవరుకు రెండున్నర పరుగులైనను ఇవ్వలేదు. హోల్కారు 360కే ఆగినది. బొంబాయి రెండవమారు ఆడుటకు దిగి ఎడతెగక ఆడినది: మర్చంటు ఒక్కడే 278, జట్టు మొత్తము 764. ఆ ఇన్నింగ్సులో సుబ్బన్న మరి 88 ఓవర్లు వేసి, 275 పరుగులిచ్చి, ఐదు వికెట్లు తీసెను.

రెండును కలిపిన 152.5 ఓవర్లు, 917 బంతులు, 428 పరుగులకు 11 వికెట్లు. నేటి టెస్టులో ఒక దినమునకు రెండు కొసలనుండి నిర్ణయించిన ఓవర్లు తొంబది. అనగా దినమున్నర పాటు రెండు కొసల బౌలర్లు అందరు చేయవలసిన పనికంటె ఎక్కువ పని ఒక చేయి చేసినది. ఫస్టుక్లాసు క్రికెట్టులో ఒక మ్యాచిలో ఇన్ని బంతులు మరెవ్వరును వేయలేదు. ఇన్ని పరుగులు ఇచ్చినవాడును మరొకడు లేడు. ఈ రెండవ రికార్డును చూచి నవ్వువారు కలరు. ఓవరుకు మూడు పరుగులకు లోబడి ఇచ్చినాడనియు, బొంబాయి కోల్పోయిన వికెట్లలో సగమునకు పైగా ఆయన తీసినవే యనియు వారు గమనింపరు.

హోల్కారు గెలుపునకు 867 పరుగులు కావలసివచ్చెను. యుద్ధకాలపు సైనికుడై మౌలో ఉన్న ఇంగ్లీషు ఆటగాడు డెనిస్ కాంప్టన్ ఆ జట్టున ఆడి 249 పరుగులతో అజేయుడుగ నిలిచినను, 492 వద్ద ఆట ముగిసినది. ఓటమి 374 పరుగులతో. ఉభయపక్షములు కలిపి తీసిన పరుగులు 2,078.

అమెరికావారి బేస్‌బాలులో ఇట్టి కార్యమునకు పెద్ద కీర్తి కలదు. అచ్చట బంతి విసరువానిని పిచ్చరందురు. బంతి నేల తాకకుండ ఆటగాని యొద్దకు చేరవలెను. 1905 అక్టోబరులో ప్రపంచ సిరీసు పేరిట జరుగు వారి తుది పోటీలో, న్యూయార్కు జెయింట్సు జట్టువాడు క్రిస్టీ మాథ్యూసన్ ఆరు దినములలో మూడు ఆటలు ఆసాంతము తానే విసరి, 27 ఇన్నింగ్సులలో ఫిలడెల్ఫియా జట్టునకు ఒక్క పరుగు కూడ ఈయలేదు. ఆయన జట్టు గెలిచినది. 1936లో అమెరికావారు తమ ఆటవీరుల మందిరమునకు ఎంచిన తొలి ఐదుగురిలో, అప్పటికి పదేండ్ల క్రిందట గతించిన ఆయన పేరు కూడ చేర్చిరి. మాథ్యూసన్ ఆరు దినములు గెలుపు తెచ్చినవి. సుబ్బన్న ఆరు దినములు తేలేదు. రెండు చేతుల శ్రమలో భేదమున్నదా యన్నది ఉపాధ్యాయులు తరగతిలో పిల్లల నడుగదగిన ప్రశ్నయే.

ఆంధ్ర రాష్ట్రము 1953 అక్టోబరు 1న ఏర్పడినది. ఆ 1953-54 సీజనులోనే ఆంధ్ర జట్టు రంజీ పోటీలలో మొదటిసారి దిగెను. దానికి తొలి నాయకుడు యాబదెనిమిదేండ్ల కనకయ్య నాయుడు. పూర్వులు విడిచివచ్చిన నేల పేరు ధరించిన జట్టుకు సుబ్బన్న కూడ ఆడెను. ఆయన ఆడిన జట్ల పట్టిక పొడవైనది: మధ్యపరగణాలు, బరోడా, హోల్కారు, బెంగాలు, ఆంధ్ర, ఉత్తరప్రదేశ్. ఎచ్చటికి పోయినను చేసిన పని ఒక్కటే. మూడు దశాబ్దముల ఆటలో ఆయన తీసిన ఫస్టుక్లాసు వికెట్లు 647. వానిలో రంజీ పోటీలవే 295.

కనకయ్య నాయుడు 1967 నవంబరు 14న ఇందూరులో మరణించెను. తమ్ముడు అదే ఊర మరి ముప్పదియైదేండ్లు జీవించి, 2002 నవంబరు 22న ఎనుబదెనిమిదవ యేట కన్నుమూసెను. అప్పటికి బ్రేబోర్న్ ఫైనలు జరిగి యాబదేడేండ్లు గడచినవి.