బెంజమిన్ రాబిన్స్

బెంజమిన్ రాబిన్స్ (1707 – 1751 జూలై 29) ఇంగ్లండుకు చెందిన గణిత శాస్త్రవేత్త, సైనిక ఇంజనీరు. తుపాకి గుండు వేగాన్ని నమ్మదగిన రీతిలో కొలిచి, బాలిస్టిక్స్ అనబడే ప్రక్షేపక శాస్త్రానికి ప్రయోగపు పునాది వేసినవాడు. గుండు గమనాన్ని గాలి ఎంతగా అడ్డగిస్తుందో ఇతడు అంకెలతో చూపేవరకు ఫిరంగి శాస్త్ర గ్రంథాలు ఆ సంగతిని దాదాపు పట్టించుకోలేదు. నేటి రైఫిల్ తూటా సన్నగా, పొడవుగా, మొనదేలి ఉండటానికీ, గిరగిర తిరుగుతూ పోవటానికీ గల కారణాలు ఇతని ప్రయోగాలలోనే కనిపిస్తాయి. ఇతడు మరణించినది మన దేశంలోనే, కడలూరు సమీపాన.

బాల్యము, తొలి రచనలు

రాబిన్స్ బాత్ నగరంలో ఒక పేద క్వేకరు కుటుంబంలో జన్మించాడు. క్వేకర్లు యుద్ధాన్నీ ఆయుధధారణనూ మతరీత్యా నిరాకరించే క్రైస్తవ శాఖవారు. అటువంటి ఇంట పుట్టినవాడు తుపాకి శాస్త్రానికి ఆద్యుడు కావటం విచిత్రమే. యౌవనంలో ఇతడు ఆ శాఖ ఆచారాలను విడిచిపెట్టాడు. న్యూటన్ ప్రిన్సిపియా గ్రంథపు మూడవ ముద్రణకు సంపాదకుడైన హెన్రీ పెంబర్టన్ ఇతని ప్రతిభను గుర్తించి లండనులో చేరదీశాడు. 1727లో, ఇంకా ఇరవై ఏళ్ళ ప్రాయంలోనే, రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. గణితం బోధిస్తూ జీవనం సాగించాడు. న్యూటన్ కలన గణితాన్ని 1734లో బిషప్ బర్క్లీ విమర్శించగా, మరుసటి ఏడాది దానిని సమర్థిస్తూ ఒక గ్రంథం వ్రాశాడు. ప్రధాని వాల్పోల్‌కు వ్యతిరేకంగా రాజకీయ కరపత్రాలు కూడా ప్రకటించాడు.

1741లో వూలిచ్‌లో స్థాపించిన రాయల్ మిలిటరీ అకాడమీలో ఆచార్య పదవిని ఆశించాడు కాని అది దక్కలేదు. ఇతని కీర్తికి మూలమైన న్యూ ప్రిన్సిపుల్స్ ఆఫ్ గన్నరీ అనే చిన్న గ్రంథం 1742లో వెలువడింది.

లోలక ప్రయోగం

తుపాకి గుండు కంటికి కనబడనంత వేగంగా పోతుంది. ఆ కాలపు గడియారాలతో దాని వేగాన్ని కొలవటం అసాధ్యం. రాబిన్స్ అనుసరించిన ఉపాయం, వేగాన్ని సూటిగా కొలవకుండా ముందు దానిని తగ్గించి కొలవటం. సుమారు 56 పౌండ్ల బరువు గల లోలకాన్ని వ్రేలాడదీసి, దాని కొయ్య ఫలకంలోకి గుండును పేల్చాడు. గుండు కొయ్యలో ఇరుక్కుపోతుంది, లోలకం వెనుకకు ఊగుతుంది. ఎంత ఊగినదీ లోలకానికి కట్టిన రిబ్బను జారిన పొడవును బట్టి తెలుస్తుంది. ద్రవ్యవేగ నిత్యత్వ నియమం చదివిన విద్యార్థులు మిగిలిన లెక్క తామే చేసుకోవచ్చు. గుండు బరువు పౌండులో పన్నెండవ వంతు అనుకుంటే, లోలకం దానికి దాదాపు 670 రెట్లు బరువైనది. కనుక సెకనుకు 1,700 అడుగుల వేగం స్థూలంగా రెండున్నర అడుగులకు దిగి వస్తుంది. ఆ మాత్రపు కదలికను ఎవరైనా కొలవగలరు.

తుపాకిమందు మండినపుడు పుట్టే వాయువును కూడా ఇతడు పరిశీలించాడు. చల్లారిన తరువాత ఆ వాయువు, మందు ఘనపరిమాణానికి 244 రెట్లు ఉంటుందనీ, పేలుడు వేడిలో దాని పీడనం సుమారు వెయ్యి వాతావరణ పీడనాలకు చేరుతుందనీ లెక్కగట్టాడు. రెండవ అంకె అసలు విలువ కంటే తక్కువే. అయినా దానితో కట్టిన వేగాలు లోలకం చూపిన వేగాలకు దగ్గరగా వచ్చాయి.

గాలి నిరోధం

లోలకాన్ని తుపాకికి వేర్వేరు దూరాలలో ఉంచి, దారిలో గుండు ఎంత వేగం కోల్పోతుందో రాబిన్స్ కనుగొన్నాడు. ఫలితం ఆశ్చర్యకరమైనది. ముప్పాతిక అంగుళం వ్యాసం గల సీసపు గుండు సెకనుకు సుమారు 1,670 అడుగుల వేగంతో పోతున్నపుడు గాలి దానిపై చూపే నిరోధం పది పౌండ్లు, అనగా గుండు బరువుకు 120 రెట్లు. గెలీలియో చెప్పిన పరావలయ మార్గం నిజమైతే అటువంటి గుండు 17 మైళ్ళ దూరం పోవాలి. వాస్తవంలో ఒక మైలు కూడా పోదు. అంతేకాక, గుండు వేగం ధ్వని వేగాన్ని సమీపించే చోట నిరోధం అకస్మాత్తుగా పెరుగుతుందని కూడా గమనించాడు. ఇది తరువాతి కాలపు విమాన శాస్త్రంలో ముఖ్యాంశమైంది.

గుండు పక్కకు తొలగిపోవటానికి కారణం దాని భ్రమణమేనని చూపటానికి ఒక తుపాకి గొట్టం కొసను ఎడమకు వంచి, వరుసగా నిలిపిన కాగితపు తెరల గుండా పేల్చాడు. గుండు మొదట ఎడమకు పోయి, ఆపైన కుడికి వంగింది. ఈ ప్రభావం నేడు 1852 నాటి జర్మన్ శాస్త్రవేత్త మాగ్నస్ పేరుతో వ్యవహారంలో ఉంది. రాబిన్స్ పేరు పెట్టి ఉంటే న్యాయంగా ఉండేది.

గొట్టంలో మరగాడులు ఉంటే గుండు తన గమన దిశనే అక్షంగా చేసుకొని తిరుగుతుందనీ, అందువలన గురి తప్పదనీ 1747లో రాయల్ సొసైటీకి సమర్పించిన పత్రంలో వివరించాడు. గోళానికి బదులు కోడిగ్రుడ్డు ఆకారపు గుండు మేలని సూచించాడు. ఇటువంటి తుపాకులను ముందుగా చేపట్టిన దేశానికి యుద్ధంలో ఆధిక్యం లభిస్తుందని హెచ్చరించాడు. అప్పటికే 1746లో ఇతనికి కోప్లీ పతకం లభించింది. 1745లో ఆయిలర్ ఇతని గ్రంథాన్ని మూలం కంటే ఎన్నో రెట్లు పెద్దదైన వ్యాఖ్యతో జర్మను భాషలోకి అనువదించాడు. గుండు తొలగిపోవటానికి కారణం దాని ఆకారంలోని లోపాలేనని ఆయిలర్ వాదించాడు. ఈ ఒక్క విషయంలో మహా గణితజ్ఞుడు పొరబడ్డాడు, ప్రయోగం చేసినవాడు నిలిచాడు.

భారతదేశంలో

1746లో ఫ్రెంచివారు మద్రాసును పట్టుకున్నారు, 1749లో తిరిగి ఇచ్చారు. కోటల బలహీనత బయటపడటంతో ఈస్టిండియా కంపెనీ 1749లో రాబిన్స్‌ను తన ఇంజనీర్ జనరల్‌గా నియమించింది. 1750 జూలైలో ఇతడు, అప్పట్లో కోరమాండల్ తీరాన కంపెనీకి ముఖ్యస్థానమైన సెయింట్ డేవిడ్ కోటకు చేరాడు. ఖగోళ పరిశీలనకు పరికరాలు కూడా వెంట తెచ్చుకున్నాడు. ఆ కోటకు, మద్రాసు కోటకు పథకాలు తయారుచేశాడు. కొద్ది నెలలకే జ్వరం పట్టుకుంది. పథకాలు అమలు కాకముందే, 44 ఏళ్ళ వయసులో సెయింట్ డేవిడ్ కోటలో మరణించాడు. మిత్రుడు జేమ్స్ విల్సన్ 1761లో ఇతని రచనలను రెండు సంపుటాలుగా ప్రచురించాడు.

తరువాతి తూటాలు

రాబిన్స్ హెచ్చరిక ఫలించటానికి నూరేళ్ళు పట్టింది. గాడుల గొట్టంలోకి గుండును బిగువుగా దిగ్గొట్టటం చాలా ఆలస్యమయ్యే పని కావటమే అందుకు ముఖ్య కారణం. 1849లో ఫ్రెంచి సైనికాధికారి మినియే, అడుగున గుల్లగా ఉండి, పేలినపుడు వ్యాకోచించి గాడులను పట్టుకునే కోసు గుండుతో ఈ చిక్కు తీర్చాడు. 1853 నాటి ఎన్‌ఫీల్డు తుపాకి ఈ కోవకు చెందినదే. 1857లో సిపాయిల ఆగ్రహానికి గురైన కొవ్వు పూసిన తూటాలు దానివే.

1884లో పాల్ వియే పొగలేని మందును కనుగొన్నాక తూటా మరింత సన్నబడింది. రెండు ప్రపంచ యుద్ధాలలో భారత సైనికులు వాడిన .303 తూటాను (1910 నాటి మొనదేలిన రకం) రాబిన్స్ గుండుతో పోల్చి చూడవచ్చు. రాబిన్స్ గుండు సుమారు 38 గ్రాములు, వేగం సెకనుకు 1,700 అడుగులు. .303 గుండు 11.3 గ్రాములు, వేగం 2,440 అడుగులు. గొట్టం విడిచే క్షణాన పాత గుండు శక్తి సుమారు 5,100 జౌళ్ళు, కొత్తదాని శక్తి 3,100 జౌళ్ళు మాత్రమే. అయినా చాలా ఎక్కువ దూరం పోయేది కొత్తదే. గాలికి ఎదురయ్యే వైశాల్యంతో పోల్చితే దాని బరువు పాతదానికి 1.7 రెట్లు, పైగా మొన గాలిని చీల్చుకొని పోతుంది.