పదవీ విరమణ తర్వాత రోమన్ నాణేల లెక్క తేల్చిన సూయల్

మన మండలంలోని ఓడలరేవు పేరు వినగానే ఒకనాటి ఓడలు మనసులో మెదులుతాయి. కాని పేరొక్కటే చరిత్రకు చాలదు, చేతికందే సాక్ష్యం కావాలి. రోముకూ దక్షిణాదికీ జరిగిన వర్తకానికి అటువంటి సాక్ష్యాలను ఒకచోట కూర్చినవారు మనవంటి విశ్రాంత ఉద్యోగే. ఆయన రాబర్ట్ సూయల్.

1845లో జన్మించిన సూయల్ మద్రాసు సివిల్ సర్వీసులో చేరి కృష్ణా జిల్లాలో పనిచేశారు. 1877లో అమరావతి స్తూపం వద్ద తవ్వకాలు జరిపించారు. ప్రెసిడెన్సీలోని ప్రాచీన కట్టడాలు, శాసనాల జాబితాను 1882, 1884లలో రెండు సంపుటాలుగా వెలువరించారు. బళ్లారి కలెక్టరుగానూ ఉన్నారు. 1900లో విజయనగర చరిత్ర ప్రకటించేనాటికే ఆయన పదవీ విరమణ చేశారు. అయినా కలం పక్కన పెట్టలేదు.

1904లో, దాదాపు 59 ఏళ్ల వయసులో, భారతదేశంలో దొరికిన రోమన్ నాణేలపై రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వ్యాసం రాశారు. ఏ ఊళ్లో ఏ చక్రవర్తి నాణేలు దొరికాయో వరుసగా పరిశీలించారు. అగస్టస్ మొదలు నీరో వరకు, అంటే క్రీ.శ. 68 దాకా, వర్తకం ముమ్మరంగా సాగిందనీ, తర్వాత తగ్గిందనీ, క్రీ.శ. 217లో కరకల్లా మరణించాక బాగా క్షీణించిందనీ తేల్చారు. నీరో నాణేల బరువు తగ్గించడం వల్ల మనవాళ్లు పాత నాణేలనే కోరి ఉంటారనీ, నాణేలు తగ్గినంత మాత్రాన వర్తకం తగ్గినట్టు కాదనీ తర్వాతి పండితులు సవరించారు. 1945లో పుదుచ్చేరి దగ్గర అరికమేడులో ఇటలీ మట్టిపాత్రల పెంకులు బయటపడి, ఈ వర్తకానికి మరో రుజువు దొరికింది.

సూయల్ 1925లో, 80వ ఏట కన్నుమూశారు. దక్షిణాది శాసనాలపై ఆయన చేసిన పెద్ద గ్రంథం 1932లో వెలువడింది.

ఆయన శ్రమకు ఆధారం సామాన్యుల చేతికి దొరికిన నాణేలే. 18వ శతాబ్దం చివర నెల్లూరు దగ్గర ఒక రైతు నాగలికి ఇటుక కట్టడం తగిలి, రోమన్ బంగారు నాణేల కుండ బయటపడింది. వాటిలో చాలా భాగం కరిగిపోయాయి. 1889లో వినుకొండలో దొరికిన 15 బంగారు నాణేలు మాత్రం లెక్కకెక్కాయి. కరిగిన నాణెం ఇచ్చేది బంగారం ధర మాత్రమే. దొరికిన చోటుతో సహా నమోదైన నాణెం చరిత్రనిస్తుంది.

కనుక మిత్రులారా, కొబ్బరి మొక్కకు గొయ్యి తీసినా, చెరువు పూడిక తీసినా పాత నాణెం కనబడితే తోమవద్దు, కంసాలికి ఇవ్వవద్దు. దొరికిన చోటు రాసిపెట్టి కలెక్టరు గారికి తెలియజేయండి. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం చెప్పేదీ అదే. ఈ మాట మన పిల్లలకూ, మనవలకూ చెబుదాం.