తెర పక్కనుంచి తెర మీదికి: కస్తూరి శివరావు

కరువు సీమలో నవ్వుకు కూడా కరువే అనుకుంటారు తెలియనివాళ్లు. అది నిజం కాదు. వాన మొగం చాటేసిన ఏడు కూడా టూరింగు టాకీసు డేరా ముందు నేల టిక్కెట్టుకు తోసుకున్న జనం మనవాళ్లు. ఆ జనాన్ని కడుపుబ్బ నవ్వించిన తొలితరం నటుల్లో కస్తూరి శివరావు పేరు ముందు చెప్పుకోవాలి.

శివరావు 1913లో కాకినాడలో పుట్టారు. మూకీల కాలంలో బొమ్మకు మాట లేదు. మధ్యలో అక్షరాలు పడేవి గానీ, చదవలేని జనానికి అవి ఎందుకు? అందుకని పక్కన నిలబడి కథ చెప్పడానికి ఒక వ్యాఖ్యాత ఉండేవాడు. శివరావు మొదలుపెట్టింది ఆ పనితోనే.

1932లో 'భక్త ప్రహ్లాద'తో తెలుగు బొమ్మకు నోరొచ్చింది. ఇక వ్యాఖ్యాతతో పనేముంది? మాట రావడంతో హాలీవుడ్‌లోనూ ఎందరో మూకీ నటులు వెనకబడిపోయారు. లారెల్, హార్డీలు మాత్రం రెండు రీళ్ల చిన్న సినిమాల్లో గొంతును కూడా నవ్వుకు వాడుకుని నిలబడ్డారు. మన శివరావుకూ గొంతే పెట్టుబడి. తెర పక్కనున్న మనిషి 1939లో సి. పుల్లయ్యగారి 'వరవిక్రయం'తో తెర మీదికొచ్చారు. 1948లో 'బాలరాజు'తో ఇంటింటా తెలిసిన పేరయ్యారు.

అప్పుడు మన తాడిపత్రిలో పుట్టిన కె.వి. రెడ్డిగారు ఒక సాహసం చేశారు. 'కింగ్ లియర్' ఛాయలో పింగళి నాగేంద్రరావుగారు అల్లిన 'గుణసుందరి కథ'లో (1949) నాయిక భర్త దైవాధీనం వేషాన్ని అందగాడికి కాక ఈ హాస్యనటుడికి ఇచ్చారు. నవ్వించే మనిషి కథ మొత్తాన్ని మోయగలడని లోకానికి తెలిసింది.

ఆ ఊపుమీదే 1950లో శివరావు స్వయంగా 'పరమానందయ్య శిష్యులు'కు దర్శకత్వం వహించారు. అదృష్టం మాత్రం ఎక్కువ కాలం తోడు రాలేదు. కొత్త హాస్యనటులు వచ్చారు, వేషాలు తగ్గాయి, చేతిలో డబ్బు నిలవలేదు. ఒకప్పుడు జనం వెంటపడిన మనిషి లేమిలో పడి 1966లో కన్నుమూశారు.

మిత్రులారా, ఒక్క వాన పడితే పండి, మరుసటి ఏడు బీడుపడే చేలను చూసి పెరిగినవాళ్లం. కీర్తి కూడా అట్లాంటిదే. పండినప్పుడు నాలుగు గింజలు దాచుకోవాలన్నది శివరావు బతుకు చెప్పే మాట. మనల్ని నవ్వించినవాళ్లు ఎట్లా బతుకుతున్నారో ఒకసారి అడగాలన్నది మనం నేర్చుకోవలసిన మాట.