వేళ్లకు వచ్చిన విద్య – ఫిడేలు నాయుడుగారు

ద్వారం వెంకటస్వామి నాయుడుగారు 1893 నవంబరు 8న బెంగుళూరులో పుట్టారు. పెరిగింది విశాఖపట్నంలో. చిన్నప్పటి నుంచి కంటిచూపు తక్కువ. అన్న వెంకటకృష్ణయ్యగారు ఆయనకు ఫిడేలు నేర్పించారు.

ఫిడేలుకు హార్మోనియం మాదిరి మెట్లు ఉండవు. వేలు వెంట్రుకవాసి జరిగినా అపస్వరమే. కుడిచేయి కమాను లాగుతుంటే ఎడమచేతి వేళ్లు తీగ మీద పరుగెత్తాలి. చూపు ఆనని మనిషికి ఆ చోటు ఎట్లా దొరికింది?

జవాబు మెదడులో ఉంది. పెద్దమెదడు పైపొరలోని ఒక పట్టీ వేళ్లకు ఆజ్ఞలు పంపుతుంది. తల వెనక, కింద ఉండే చిన్నమెదడు అనుకున్న కదలికకూ చేసిన కదలికకూ తేడా పట్టి, మళ్లీసారికి సరిదిద్దుతుంది. పెద్దమెదడు లోపలి కేంద్రకాల గుంపు విడివిడి కదలికలను ఒక వరుసలో పెట్టి అలవాటు చేస్తుంది. అందుకే సైకిలు వచ్చినవాడు పెడలు గురించి ఆలోచించడు.

1995లో జర్మనీ శాస్త్రజ్ఞులు తీగవాయిద్యాలు వాయించేవాళ్లను పరీక్షించారు. ఎడమచేతి వేళ్ల స్పర్శను గుర్తించే మెదడు భాగం వాళ్లకు మామూలు వాళ్లకంటే పెద్దదిగా ఉంది. చిన్నతనంలో మొదలుపెట్టినవాళ్లకు మరీను! అంటే సాధన మెదడునే మారుస్తుందన్నమాట.

నాయుడుగారి సాధన వృథా పోలేదు. 26వ ఏట విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో వయోలిన్ ఆచార్యులయ్యారు. 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. అప్పటిదాకా పాటకు పక్కవాయిద్యంగా ఉండిన ఫిడేలుతో ఒంటిగా కచేరీలు చేసి మెప్పించారు. 1941లో సంగీత కళానిధి, 1957లో పద్మశ్రీ వచ్చాయి. 1964 నవంబరు 25న కన్నుమూశారు.

మన కౌతాళం హాస్టల్లో గూడా వాలీబాల్ సర్వీసు నెట్టు దాటనివాళ్లు, డప్పు దరువు తప్పేవాళ్లు ఉన్నారు. నీకు రాదులే అని నవ్వకండి. తప్పు జరిగినప్పుడే చిన్నమెదడు పాఠం నేర్చుకుంటుంది. బోర్డు మీది అక్షరాలు కనపడనివాళ్లు సిగ్గుపడి దాచుకోకుండా సార్లకు చెప్పండి.

ఇంకో సంగతి. పగలు నేర్చిన పని నిద్రలో గట్టిపడుతుంది. కాబట్టి వార్డెన్ సారు లైట్లు ఆపమంటే విసుక్కోవద్దు. వార్డెన్ సార్లకు గూడా మా చిన్న మనవి: పరీక్షలు దగ్గరికొచ్చినా సాయంత్రం ఆటల గంట మాత్రం తీసేయకండి. అది గూడా చదువే!