కంచు కంఠం: కొంగర జగ్గయ్య జీవితం

విద్యార్థులారా! షరఫియా వీధులలో మీ నాన్నగారి చేయి పట్టుకొని నడిచేటప్పుడు ఎన్ని భాషలు మీ చెవిన పడుతాయో గమనించారా? ఒక దుకాణంలో అరబ్బీ, పక్క దుకాణంలో మలయాళం, ఎదుట ఉర్దూ. వాటి నడుమ ఎక్కడో ఒక తెలుగు మాట వినబడగానే మీరు తల తిప్పి చూస్తారు. మాట్లాడినవారి ముఖం ఇంకా కనబడకపోయినా, ఆ గొంతు మనవారిదని తెలిసిపోతుంది. అలా కేవలం గొంతుతోనే కోట్లమంది తెలుగువారికి ఆప్తుడైన ఒక నటుని గురించి ఈసారి చదువుదాం. ఆయన పేరు కొంగర జగ్గయ్య.

గుంటూరు జిల్లాలో తెనాలికి సమీపాన మోరంపూడి అనే పల్లె ఉంది. 1920ల ద్వితీయార్ధంలో, ఒక డిసెంబరు 31వ తేదీన, జగ్గయ్య అక్కడ జన్మించారు. పదకొండవ యేట ఆయన తొలిసారి రంగస్థలం ఎక్కారు. వంగ రచయిత ద్విజేంద్రలాల్ రాయ్ రచించిన సీత నాటకాన్ని హిందీలో ప్రదర్శించగా, అందులో ఆయనది లవుని పాత్ర. తెలుగు పల్లె బాలుడు, హిందీ సంభాషణ, మూలం వంగభాషలో! మూడు భాషల నడుమ పెరుగుతున్న మీకు ఇది పెద్ద వింతగా తోచదేమో కాని, ఆ కాలపు పల్లెటూరికి అది సామాన్య విషయం కాదు.

గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో చదివే రోజుల్లో నందమూరి తారక రామారావు ఆయనకు తోటి విద్యార్థి. ఇద్దరూ కలిసి నాటకాలాడారు. చదువు ముగిశాక జగ్గయ్య కొంతకాలం దుగ్గిరాలలో ఉపాధ్యాయులుగా పనిచేశారు. పత్రికా రచన కూడా చేశారు. ఆ పిమ్మట ఢిల్లీ ఆకాశవాణిలో తెలుగు వార్తలు చదివే ఉద్యోగంలో చేరి, మూడేళ్ళు అక్కడ ఉన్నారు.

ఆ ఉద్యోగం ఎటువంటిదో ఊహించండి. నాడు పల్లెలలో దూరదర్శన్ లేదు. రేడియో ఉన్న ఇంటి అరుగు మీద పదిమంది చేరి వినేవారు. దేశంలో ఏం జరిగిందో వారికి తెలిపేది వందల కోసుల ఆవల ఒక చిన్న గదిలో కూర్చొన్న వ్యక్తి. ఆయనకు శ్రోతలు కనబడరు, శ్రోతలకు ఆయన కనబడడు. ఒక పదం తప్పు పలికితే వెనక్కి తీసుకొనే వీలు లేదు. ఒత్తులు, దీర్ఘాలు, ఎక్కడ ఆగాలి, ఎక్కడ ఊపిరి తీసుకోవాలి అన్నవన్నీ అక్కడ సాధనలోకి వస్తాయి. జగ్గయ్య గొంతు పుట్టుకతో గంభీరమైనదే. అయితే దానికి ఆ స్పష్టత సాధన వల్ల వచ్చిందని నా నమ్మకం.

1952లో త్రిపురనేని గోపీచంద్ దర్శకత్వం వహించిన ప్రియురాలు చిత్రంతో ఆయన వెండితెర మీదికి వచ్చారు. అది విజయం పొందలేదు. 1955లో వచ్చిన బంగారుపాప, అర్ధాంగి చిత్రాలతో ఆయనకు పేరు స్థిరపడింది. కంచు కంఠం జగ్గయ్య అని ప్రజలు పిలవసాగారు. కంచు గంటను మోగిస్తే ఆ నాదం దూరం వరకు సాగుతుంది కదా, అందుకే ఆ బిరుదు.

ఇక అసలైన విశేషానికి వద్దాం. తమిళంలో శివాజీ గణేశన్ మహానటుడు. ఆయన చిత్రాలు తెలుగులోకి అనువాదమై వచ్చినప్పుడు ఆయన పాత్రకు గొంతునిచ్చింది జగ్గయ్య. ముఖం ఒకరిది, మాట మరొకరిది! అది సులభమనుకోకండి. ప, బ, మ వంటి అక్షరాలు పలికేటప్పుడు పెదవులు కలుస్తాయి. తెరమీది నటుని పెదవులు కలిసినచోట తెలుగు మాటలోనూ అవి కలవాలి. తమిళంలో ధనాన్ని పణం అంటారు; మొదట, చివర పెదవులు మూతపడుతాయి. అక్కడ డబ్బు అంటే పొసగదు. పైకం అంటే చక్కగా అమరుతుంది. అద్దం ముందు నిలబడి ఈ మూడు మాటలూ పలికి చూడండి. రచయిత అటువంటి మాటను వెతికి ఇస్తే, గొంతునిచ్చే నటుడు ఆ కోపాన్ని, ఆ ఏడుపును, ఆ నిట్టూర్పును అదే క్షణంలో నింపాలి. జగ్గయ్య అప్పటికే తానొక పేరున్న నటుడు. అయినా తన ముఖం కనబడని చోట, మరొక నటుని గొప్పదనం తెలుగువారికి చేరడానికి తన కంఠాన్ని ధారపోశారు.

1962లో ఆయన స్వయంగా నిర్మించిన పదండి ముందుకు చిత్రం స్వాతంత్ర్య పోరాటానికి సంబంధించినది. పన్నెండేళ్ళ తరువాత, 1974లో, అల్లూరి సీతారామరాజు చిత్రంలో అదే జగ్గయ్య మన్యం తిరుగుబాటును అణచవచ్చిన ఆంగ్లాధికారి రూథర్‌ఫర్డ్‌గా కనిపించారు. శత్రువు పాత్రే అయినా ఆ గొంతులోని హుందాతనం తగ్గలేదు. మీ తాతగారిని అడిగితే ఆ సన్నివేశాలను ఇప్పటికీ వర్ణించి చెబుతారు.

1967 ఎన్నికలలో ఒంగోలు నుండి ఆయన లోక్‌సభకు ఎన్నికయ్యారు. చలనచిత్ర నటులలో ఆ సభలో అడుగుపెట్టిన మొదటివారుగా ఆయనను చెబుతారు. ఈ పనులన్నింటి నడుమ పుస్తకాన్ని మాత్రం విడువలేదు. రవీంద్రనాథ్ ఠాగూర్ కవితలను రవీంద్రగీత పేరుతో తెలుగు చేశారు. మిత్రుడైన ఆచార్య ఆత్రేయ 1989లో మరణించాక, చెల్లాచెదురుగా ఉన్న ఆయన రచనలను సేకరింపజేసి, మనస్విని సంస్థ ద్వారా ఆత్రేయ సాహితి అనే సంపుటాలుగా వెలువరించారు. నటుడు నటునికి గొంతునివ్వడం ఒక ఎత్తు, రచయిత పోయాక అతని మాటలను కాపాడడం మరొక ఎత్తు. నాకు ఈ రెండవదే ఎక్కువ ఇష్టం.

1992లో భారత ప్రభుత్వం ఆయనను పద్మభూషణ్ పురస్కారంతో గౌరవించింది. శివాజీ గణేశన్ 2001లో కన్నుమూశారు. జగ్గయ్య 2004 మార్చి 5న చెన్నైలో పరమపదించారు. ఆ పాత అనువాద చిత్రాలలో ఒకటి మీ ఇంటి టీవీలో వచ్చినప్పుడు, కాసేపు కళ్ళు మూసుకొని వినండి. ఆ తరువాత కళ్ళు తెరిచి చూడండి. ఇద్దరు మహానటులు ఒకే మనిషిగా మాట్లాడుతూ ఉంటారు.