కదురు తిప్పిన చేతికీ వాటా: జంషెడ్జీ టాటా

ఉప్పు పొట్లం మీదా, లారీ ముందూ మన పిల్లలు రోజూ చదివే పేరు టాటా. ఆ పేరుకు మూలపురుషుడైన జంషెడ్జీ గారిని గురించి నాలుగు మాటలు సభ్యులకూ, వారి కుటుంబాలకూ మనవి చేస్తున్నాము.

ఆయన 1839 మార్చి 3న గుజరాత్‌లోని నవసారిలో, పార్శీ పురోహితుల ఇంట జన్మించారు. బొంబాయిలో చదువుకున్నారు. 1868లో 21,000 రూపాయలతో సొంత వ్యాపారం మొదలుపెట్టారు. 1877 జనవరి 1న నాగపూరులో ఎంప్రెస్ మిల్లు తెరిచారు. మిల్లులన్నీ బొంబాయిలో పెడుతుంటే అక్కడికెందుకు వెళ్ళినట్టు? పత్తి పండేది ఆ చుట్టుపక్కలే గనుక.

ఆ రోజుల్లో నూలు వడికే మ్యూలు యంత్రం కాసేపు పేని, ఆగి, తర్వాత చుట్టేది. కొత్తగా వచ్చిన రింగు కదురు ఆగకుండా పేనుతూనే చుడుతుంది. లాంకషైరు మిల్లుదారులే దాన్ని ఇంకా నమ్మని 1880లలో జంషెడ్జీ తెప్పించి, పరీక్షించి, పెట్టించారు. నూలు దిగుబడి పెరిగింది.

అయితే యంత్రం ఎంత మంచిదైనా దాని దగ్గర మనిషి నిలవాలి కదా! పనివాళ్ళు చాలామంది సరిగా వచ్చేవారు కారు. అందుకని మిల్లులోకి గాలి ఆడేటట్టు, గాలిలో తేమ ఉండేటట్టు ఏర్పాట్లు చేశారు. దానివల్ల మనిషికీ హాయి, దారమూ తెగదు. 1886లో పింఛను నిధి పెట్టారు. 1895 నుంచి ప్రమాదంలో గాయపడినవారికి పరిహారం ఇచ్చారు. ఈ పరిహారం మన దేశంలో చట్టమైంది 1923లో! అప్పటి మిల్లు పని తేలికేమీ కాదు, పనిగంటలూ ఎక్కువే. అయినా లాభంలో కొంత పనివాడికి చేరాలని ఆయన గుర్తించారు.

1904 మే 19న జర్మనీలో కన్నుమూశారు. ఆయన తలపెట్టిన ఉక్కు కంపెనీ 1907లో ఏర్పడింది. కొండనీటితో తీసిన కరెంటు 1915లో బొంబాయి మిల్లులకు అందింది, ఆ మేరకు బొగ్గుపొగ తగ్గింది. ఎంప్రెస్ మిల్లు మాత్రం 1986లో టాటాల చేయి దాటింది, తర్వాత మూతపడింది. ఒకనాటి కొత్త యంత్రం ఎల్లకాలం కాపాడదు.

మనలో నాలుగు కుట్టుమిషన్లు పెట్టుకున్నవారికైనా ఇది పనికొచ్చే సంగతే. కొత్త మిషను కొన్నరోజున, దాని వల్ల మిగిలేదానిలో కుట్టేవాడికెంత అని కూడా లెక్క వేసుకుంటే ఆ కొట్టు పదికాలాలు నిలుస్తుందని మా నమ్మకం.