బానిస చేతి మీది మచ్చ

మీ ఇంట్లో పెద్దవాళ్ల చేతి మీద మశూచి టీకా మచ్చ చూసే ఉంటారు. 300 ఏళ్ల కిందట అలాంటి మచ్చే ఒకటి అమెరికాలోని బోస్టన్ నగరానికి దారి చూపింది. అది ఒనేసిమస్ అనే ఆఫ్రికా బానిస చేతి మీది మచ్చ.

1706లో చర్చి సభ్యులు ఆయన్ను కొని, తమ మతబోధకుడు కాటన్ మాథర్‌కు కానుకగా ఇచ్చారు. ఒనేసిమస్ అన్న పేరూ మాథర్ పెట్టిందే. కన్నవాళ్లు పెట్టిన పేరు చరిత్రకెక్కలేదు.

నీకెప్పుడైనా మశూచి సోకిందా అని మాథర్ ఓసారి అడిగాడు. సోకిందనీ, సోకలేదనీ ఒనేసిమస్ రెండు జవాబులూ చెప్పాడు. తమ ప్రాంతంలో మశూచి పొక్కులోని రసాన్ని కాస్త తీసి, ఆరోగ్యవంతుల చర్మంపై గాటు పెట్టి అంటిస్తారని వివరించాడు. జబ్బు స్వల్పంగా వచ్చి తగ్గిపోతుందని, మళ్లీ జన్మలో రాదని చెబుతూ మచ్చ చూపించాడు. మాథర్ ఇతర ఆఫ్రికన్లను వాకబు చేస్తే వాళ్లూ అదే మాట చెప్పారు. మన బెంగాల్‌లోనూ ఇలాంటి పద్ధతి ఉండేది.

1716లో ఒనేసిమస్ తనకు బదులుగా మరొకరిని కొనేందుకు డబ్బు చెల్లించి, కొంత స్వేచ్ఛ సంపాదించుకున్నాడు. అయినా మాథర్ పిలిచినప్పుడల్లా వెళ్లి పని చేయాల్సిందే.

1721లో ఓడ ద్వారా మశూచి బోస్టన్‌కు చేరింది. ఒనేసిమస్ చెప్పిన పద్ధతిని పాటించమని మాథర్ వైద్యులను కోరితే, ముందుకొచ్చింది జాబ్‌డియల్ బాయిల్‌స్టన్ ఒక్కడే. ఆయన తన ఆరేళ్ల కొడుక్కీ, కాదనే వీల్లేని ఇద్దరు బానిసలకూ మొదట గాటు పెట్టాడు. ముగ్గురూ కోలుకున్నారు. అయినా జనం మండిపడ్డారు. ఆఫ్రికన్ల మాట నమ్మడమేమిటని ఎగతాళి చేశారు. మాథర్ ఇంట్లోకి బాంబు విసిరారు. అదృష్టవశాత్తు అది పేలలేదు.

చివరికి లెక్కలే జవాబిచ్చాయి. మామూలుగా మశూచి సోకిన 5,889 మందిలో 844 మంది చనిపోయారు. అంటే ఏడుగురిలో ఒకరు. గాటు పెట్టించుకున్న 240 మందికి పైగా ఉన్నవారిలో మరణించింది ఆరుగురే.

ఆ పద్ధతిలో ప్రమాదమూ లేకపోలేదు. గాటు పెట్టించుకున్నవారి నుంచి ఇతరులకు అసలు మశూచి సోకేది. 1796లో జెన్నర్ ఆవు మశూచితో సురక్షితమైన టీకా చూపించాక పాత గాటు క్రమంగా కనుమరుగైంది. 1980లో మశూచి ప్రపంచం నుంచే పోయిందని ప్రకటించారు.

ఈసారి మీ పాపాయికి టీకా వేయించేటప్పుడు ఒనేసిమస్‌ను ఓసారి తలచుకోండి. కార్డులో రాసిన తేదీని మాత్రం దాటనివ్వకండి.